డబ్బు వస్తోంది సరే, ఊరికి మిగిలేదెంత?

కనుమ వెళ్ళిన మర్నాడు మన శ్రీకాకుళం జిల్లాలో ఏ బస్టాండుకైనా వెళ్ళి చూడండి. ఇచ్ఛాపురం కానీయండి, సోంపేట కానీయండి, పలాస, టెక్కలి కానీయండి. గోనెసంచిలో బియ్యం, డబ్బాలో అరిసెలు, చంకలో పిల్ల. ఒకరిది హైదరాబాదు బస్సు, ఒకరిది చెన్నై రైలు, ఇంకొకరిది విశాఖ. నాలుగు రోజులు కళకళలాడిన ఊరు ఐదో రోజుకి బోసిపోతుంది. తాళాలు పడిన ఇళ్ళు లెక్కపెట్టబోతే మా వీధి ఒక్కదానికే రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. మీ వీధిలో మీరూ ఒకసారి లెక్కపెట్టి చూడండి.

వలస మాట ఎత్తితే మన దగ్గర రెండే రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, "పాపం, పొట్ట చేత పట్టుకుని పోతున్నారు" అనే జాలి. రెండోది, "పోతే ఏమైంది, డబ్బు పంపుతున్నారుగా, ఊళ్ళో మేడలు లేస్తున్నాయిగా" అనే తృప్తి. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ రైతు ఇంట పుట్టినవాడికి మూడో ప్రశ్న రావాలి. జమ సరే, ఖర్చు ఎంత? పంట లెక్క వేసేటప్పుడు కళ్ళంలో రాశి చూసి లాభం అనేయం కదా. విత్తనం, ఎరువు, కూలి, వడ్డీ తీసేసి మిగిలినదే మనది అంటాం. మనుషుల లెక్కలో మాత్రం ఆ ఖర్చు పేజీ ఎప్పుడూ తిప్పం. ఈ వారం ఆ పేజీ తిప్పుదాం.

రంగం వెళ్ళిన తాతల నాటి నుంచీ

వలస మనకు కొత్త కాదు. మన తాతల కాలంలో "రంగం పోయాడు" అంటే రంగూన్ వెళ్ళాడని అర్థం. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడ ఎక్కి బర్మా వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవు పనుల్లో ఒళ్ళు వంచినవారు వేలకు వేలు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చినవారి కథలు మన ముసలివాళ్ళ నోట విన్నాం. ఆ దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చేరారు. ఆ తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే. ఈనాటికీ ఆ ఊళ్ళో తెలుగు వీధులు ఉన్నాయంటే అందులో మన ప్రాంతపు పిల్లల చెమట ఎంతో ఉంది.

తేడా ఒక్కటే. తాతల కాలంలో ఇంటికొకడు వెళ్ళేవాడు, సేద్యం చేసేవాళ్ళు ఇంట్లో మిగిలేవారు. ఇప్పుడు ఇల్లే వెళ్ళిపోతోంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

జనగణన లెక్క తీస్తే, 2001లో మన జిల్లా జనాభా 25 లక్షల 37 వేలు. 2011లో 27 లక్షల 3 వేలు. పదేళ్ళలో పెరిగింది ఆరున్నర శాతం. అదే పదేళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెరిగింది సుమారు 11 శాతం. ఇది 2022 ఏప్రిల్ 4న పాలకొండ, రాజాం వైపు ప్రాంతాలు వేరే జిల్లాలకు పోకముందు లెక్క. మనవాళ్ళు పిల్లల్ని కనడం మానేశారా? మానలేదు. కని, పెంచి, పంపించేశారు.

ఇంకో అంకె చూడండి. 2011లో మన జిల్లాలో వెయ్యి మంది మగవారికి 1015 మంది ఆడవారు ఉన్నారు. రాష్ట్రం మొత్తం మీద 993 మందే. ఆరేళ్ళలోపు పిల్లల్ని లెక్కపెడితే మాత్రం మన జిల్లాలోనూ మగపిల్లలే ఎక్కువ. అంటే పలకా బలపం పట్టే వయసులో ఉన్న కుర్రాడు గునపం పట్టే వయసుకి లెక్కలో కనబడటం లేదు. ఆడవారికి ఆయుర్దాయం కొంచెం ఎక్కువన్న మాట నిజమే. అదొక్కటే కారణమైతే అన్ని జిల్లాల్లోనూ ఇలాగే ఉండాలి కదా!

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరుపుతామని 2025లో ప్రకటించారు. ఆ లెక్క వచ్చేసరికి మన అంకెలు ఇంతకంటే బాగుంటాయని నాకు నమ్మకం లేదు.

ఎకరం లెక్క, నెల జీతం లెక్క

ఎందుకు వెళ్తున్నారో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మన జిల్లాలో ఎక్కువమందివి రెండున్నర ఎకరాలలోపు కమతాలే. ఒక ఎకరం వరి తీసుకుందాం. 2025-26 ఖరీఫ్‌కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 80 కిలోల బస్తా లెక్కన సుమారు 1,895. ఎకరానికి 25 బస్తాలు పండాయి, అన్నీ మద్దతు ధరకే అమ్ముడుపోయాయి అనుకుందాం. చేతికొచ్చేది 47 వేల పైచిలుకు. దుక్కి, విత్తనం, ఎరువు, మందులు, కోత మిషను అన్నీ కలిపి 33 వేలు అయ్యాయనుకోండి, మిగిలేది 14 వేలు. అది కూడా ఇంటివాళ్ళ ఒళ్ళు కష్టానికి కూలి కట్టకుండా. వంశధార కాలువ చివరి మడికి నీరందని ఏడు ఆ 14 వేలూ లేవు. కోతకొచ్చిన చేను మీద తుపాను పడితే పెట్టుబడీ లేదు.

అదే మనిషి హైదరాబాదులో సెంట్రింగు పనికి పోతే నెలకి 18 వేలు వస్తాయనుకుందాం. ఎకరం మీద నాలుగు నెలలు కష్టపడితే వచ్చేది అక్కడ ఒక నెలలోపే వస్తోంది. ఇంక ఊళ్ళో ఎవడుంటాడు? పోనివాణ్ణి చూసి ఆశ్చర్యపోవాలి గానీ పోయినవాణ్ణి చూసి కాదు.

మత్స్యకారుల సంగతీ ఇంతే. 193 కిలోమీటర్ల సముద్ర తీరం మనది. ఇంత తీరం పెట్టుకుని మన గంగపుత్రులు దేశానికి ఆ చివర గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి పరాయి బోట్లలో కూలికి వేటాడుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. ఆ తర్వాత రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. వేల మంది వేరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోతే ఏప్రిల్ నెలాఖరులో బస్సులు పెట్టి తీసుకురావాల్సి వచ్చింది. మన తీరంలో బోట్లు నిలబడటానికి తగిన రేవులుంటే వీళ్ళకు అంత దూరం పోయే అవసరం ఏముంది?

మనిషితోపాటు ఖర్చు కూడా పోతుంది

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ 18 వేలలో ఊరికి వచ్చేది ఎంత? అద్దెకి అయిదు వేలు, తిండికి అయిదు వేలు, బస్సులకీ టీలకీ సెల్‌ఫోనుకీ రెండు వేలు అనుకుందాం. ఇంటికి పంపేది ఆరు వేలు. అంటే మనవాడి కష్టంలో మూడింట రెండు వంతులు ఆ నగరంలోనే ఖర్చవుతోంది. అక్కడి ఇంటి యజమాని, అక్కడి కిరాణా కొట్టు, అక్కడి హోటలు బతుకుతున్నాయి. తప్పని నేను అనడం లేదు, అతను బతకాలి కదా. లెక్క ఎటు పోతోందో చెబుతున్నానంతే.

ఆ ఆరు వేలైనా ఊళ్ళో ఉంటోందా? వెళ్ళేటప్పుడు చేసిన అప్పుకి వడ్డీ, పిల్లల్ని పట్నంలో చదివించే ఫీజు, తల్లికి మందులు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు వచ్చిన ఇంటివాళ్ళని అడగండి, చికిత్స కోసం విశాఖ తిరిగీ తిరిగీ ఎంత పోగొట్టుకున్నారో చెబుతారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి మొదలవడంతో కొంత ఊరట వచ్చింది గానీ, అంతకు ముందు తాకట్టు పెట్టిన భూములు తిరిగి రాలేదు. నాలుగు డబ్బులు మిగిలినవాళ్ళు కూడా ఊళ్ళో చెరువుగట్టు కింద పొలం కొనడం లేదు, విశాఖ శివార్లలో స్థలం కొంటున్నారు. డబ్బు వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోతోంది.

ఒక మనిషి ఊరు వదిలితే ఒక నోరు తగ్గింది అనుకుంటాం. కాదు. మంగలికి ఒక తల తగ్గింది. దర్జీకి ఒక చొక్కా తగ్గింది. టీ కొట్టుకి రోజూ రెండు టీలు తగ్గాయి. పెళ్ళాంబిడ్డల్ని కూడా తీసుకుపోతే బడిలో ఇద్దరు తగ్గారు. పిల్లలు తగ్గితే మాస్టారుని వేరే ఊరికి మార్చేస్తారు. ఆపైన పిల్లల చదువు కోసమని మరో కుటుంబం వెళ్ళిపోతుంది. చెరువుకి గండి పడినట్టే, మొదట చిన్నగానే ఉంటుంది.

ఊళ్ళో మిగిలినవాళ్ళ సేద్యం సంగతి చూడండి. ఊడ్పులకు మనుషులు దొరక్క ఎదలు జల్లుకుంటున్నాం. కోతకి మనుషులు లేక బయటి జిల్లాల మిషన్లను పిలుస్తున్నాం. ఇదివరకు కోత కూలి ఊళ్ళోనే పది ఇళ్ళకి చేరేది. ఇప్పుడు మిషను బాడుగ లారీ ఎక్కి జిల్లా దాటుతోంది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు మనం అసలు రాయడం లేదు. ఒక పిల్లవాణ్ణి పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు పెంచింది ఈ ఊరు. అంగన్‌వాడీ ఇక్కడ, బడి ఇక్కడ, అమ్మ వండి పెట్టింది ఇక్కడ. సంపాదించే ఇరవై, ముప్ఫై ఏళ్ళూ పరాయి ఊరికి. నడుం పడిపోయాక, ఊపిరి ఆడనప్పుడు మళ్ళీ ఇక్కడికే. దూడను మనం పెంచి, పాలకొచ్చాక పొరుగూరికి తోలి, ఒట్టిపోయాక తిరిగి మన శాలలో కట్టుకున్నట్టుంది. మనుషుల్ని పశువులతో పోల్చినందుకు మన్నించండి. నాకు ఇంతకంటే సూటిగా చెప్పడం రాలేదు.

సేద్యం ఆమెది, పేరు ఆయనది

మగవాళ్ళు వెళ్ళాక సేద్యం చేస్తున్నది ఎవరు? ఆడవాళ్ళు. దుక్కికి ట్రాక్టరు మాట్లాడేది ఆమె, ఎరువు బస్తా కోసం వరసలో నిలబడేది ఆమె, మదుం దగ్గర నీటికోసం తగువు పడేది ఆమె. పాసు పుస్తకం మీద పేరు మాత్రం ఆయనది. కొన్ని ఇళ్ళల్లో చనిపోయిన మామగారిది!

మా ఇంటి సంగతే చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు మా తమ్ముడి కొబ్బరితోట నేలమట్టమైంది. తమ్ముడు చెన్నైలో ఉన్నాడు. పడిన చెట్లను కోయించి, మోయించి, తోట శుభ్రం చేసింది మా మరదలు. నష్టం రాయడానికి వచ్చినవాళ్ళు పుస్తకం చూసి తమ్ముడి పేరు రాసుకుపోయారు. అతని పాత బ్యాంకు ఖాతా వాడక మూలపడి ఉంది. సంతకం కావాలంటారు, మనిషి రావాలంటారు. అతను పని వదిలి వస్తే కూలి పోతుంది, రాకపోతే పరిహారం పోతుంది. "బావగారూ, చెట్టు పడినప్పుడు నన్నెవరూ పేరడగలేదు, డబ్బిచ్చేటప్పుడు మాత్రం నేనెవరో తెలీదంటన్నారు" అని మా మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ డబ్బు చేతికందేసరికి మరో వానాకాలం దాటింది.

దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు ఏం తినాలి? వలస అక్కడ మొదలవుతుంది. తోట పడిన ఇంటివాడు వెళ్తాడు. వెళ్ళినవాడి పేరున భూమి ఉంటుంది. ఉన్న ఆడమనిషికి అప్పు పుట్టదు. అప్పు లేక తోట మళ్ళీ లేవదు. తోట లేవదు కనుక కొడుకూ వెళ్తాడు.

కౌలుదారుల బాధా ఇదే. భూమి ఉన్నవాడు పట్నంలో, దున్నేవాడు ఊళ్ళో. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం రాసుకోమంది, దానికి భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టాల్సినాయన సంక్రాంతికి తప్ప కనబడడు. కనబడినా "సంతకం పెడితే భూమి పోతాది" అని భయం. ఆ ఒప్పందం వల్ల యజమాని హక్కుకు ఏ లోటూ రాదని అదే చట్టంలో ఉంది. ఆ మాట చెప్పేవారు లేరు.

"అయితే ఎల్లొద్దంటావేటి?"

ఈ మాటలు మా రచ్చబండ దగ్గర అంటే ఒక కుర్రాడు ఎదురడిగాడు. "మాస్టారూ, ఊర్లో ఉండి ఏటి చేత్తాం? మీ అబ్బాయిని మీరు పంపించీనారు గదా, మమ్మల్ని ఉండిపొమ్మంటారేటి?" న్యాయమైన ప్రశ్న. మా అబ్బాయి హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తున్నాడు. వాణ్ణి రమ్మని నేను అనలేదు, అనను కూడా. వెళ్ళే హక్కు ఎవరికైనా ఉంది. వెళ్ళక తప్పని స్థితి ఉండకూడదన్నదే నా మాట. వెళ్ళినా ఊరితో లెక్క తెగిపోకూడదన్నది రెండో మాట.

ఊళ్ళో ఆదాయం నిలబడదని అనుకోకండి. పలాస, కాశీబుగ్గ చూడండి. మన తోటల జీడిపిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పించి ఇక్కడ పప్పు తీస్తున్నారు. పిక్కలు సముద్రం దాటి పలాసకు వస్తుంటే, ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని మన మనుషులు పని కోసం బయటికి పోతున్నారు. సరుకు తయారయ్యే చోట ఆదాయం నిలుస్తుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మన కొబ్బరి మాత్రం ఎక్కువ భాగం కాయగానే లారీ ఎక్కుతోంది. నూనె, పొడి, పీచు మీద వచ్చే లాభం లారీతోపాటే పోతోంది. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టులో మనవాళ్ళు మూటలు మోసేవారుగా మిగులుతారా, క్రేను నడిపేవారవుతారా అన్నది ఈ ఏళ్ళలో మన ఐ.టి.ఐ.లలో ఏం నేర్పుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. సోంపేట, కంచిలి కుర్రాళ్ళు వెల్డింగు, ఫిట్టింగు నేర్చుకుని విదేశాల దాకా వెళ్తున్నారు కదా. ఆ పనితనం ఇంటి దగ్గర పనికిరాదా?

మన చేతిలో ఉన్నవి

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వాన్ని అడుగుదాం. వంశధార చివరి భూములకు నీరు, తీరంలో రేవులు, కొబ్బరి మీద పరిశ్రమలు అడగాల్సిందే. ఈలోగా మనం చేసుకోదగ్గవి నాలుగు ఉన్నాయి.

మొదటిది, కాగితాల పని. వెళ్ళినవాళ్ళంతా ఇంట్లో ఉండేది సంక్రాంతికే. భోగినాడు అన్నదమ్ములు ఒకచోట కూర్చోండి. తండ్రి పేరున ఉండిపోయిన భూమి వాటాలు తేల్చుకుని పేర్లు మార్పించుకోండి. వీలైతే భార్య పేరూ చేర్చండి. కౌలుకిచ్చినవారు ఒప్పందం మీద సంతకం పెట్టి వెళ్ళండి. ఈ-పంట నమోదులో నిజంగా సాగు చేస్తున్నవారి పేరు రాయించండి. తుపాను కబురు చేసి రాదు.

రెండోది, ఊరి పుస్తకం. ఎవరు, ఎక్కడికి, ఏ మేస్త్రి వెంట వెళ్ళారు, ఫోను నంబరు ఏమిటి అన్నది సచివాలయంలో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. 2020లో ఎవరెక్కడ ఉన్నారో తెలియక ఎంత అవస్థ పడ్డామో మరచిపోవద్దు. విదేశం వెళ్ళేవాళ్ళు ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

మూడోది, పంపిన డబ్బులో భూమికి ఒక వాటా. పదిలో ఒకటి చాలు. పడిన చెట్టు చోట కొత్త మొక్క, ముదిరిపోయిన జీడితోటలో మంచి అంటు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బోరు. మేడ మీద మరో అంతస్తు వేస్తే అద్దెకొచ్చేవాడు ఊళ్ళో లేడు.

నాలుగోది, రెండో పంట. వరి కోశాక మిగిలిన పదునులో మినుము, పెసర జల్లుకునే వీలు ఉండి కూడా చాలా ఊళ్ళలో వదిలేస్తున్నారు. కారణం అడిగితే పశువులను విడిచిపెట్టేస్తున్నారంటారు. కాపలా ఉండే మనిషి లేడంటారు. ఒక్కడు జల్లితే పశువుల పాలవుతుంది, ఊరంతా జల్లితే నిలుస్తుంది. దీనికి ప్రభుత్వం అక్కర్లేదు, ఊరి కట్టుబాటు చాలు. ఆ రెండు నెలల పంట ఉంటే పండగ మర్నాడే బస్సెక్కేవాడు ఉగాది దాకా ఆగుతాడు.

వచ్చే కనుమ మర్నాడు నేను మళ్ళీ మా వీధిలో తాళాలు లెక్కపెడతాను. అవి తగ్గిపోతాయని ఆశ పెట్టుకోలేదు. తాళం పడిన ఇంటివాళ్ళ చేను బీడు పడకుండా ఉందా, ఆ చేను చేస్తున్న మనిషి పేరు పుస్తకంలో ఎక్కిందా అని మాత్రం చూస్తాను. మీ వీధి లెక్క మీరు వేయండి. ఎంతమంది వెళ్ళారు, ఎంత పంపారు, అందులో ఊళ్ళో నిలిచింది ఎంత అని మూడు వరసలు ఒక కాగితం మీద రాసి వచ్చే గ్రామసభలో చదివి వినిపించండి. ఆ తర్వాత అడగాల్సినవాళ్ళని అడుగుదాం.